ఉచిత అల్లిక నమూనాలు: విజయనగరంలో దొరికే ఊలుకు ఏవి సరిపోతాయి?

నిట్టింగ్ చేసేవాళ్ళకు ఉచిత ప్యాటర్న్లు, అంటే ఏ కుట్టు ఎక్కడ ఎలా వేయాలో రాసిన అల్లిక నమూనాలు, దొరకకపోవడం అనే ఇబ్బంది ఇప్పుడు లేదు. ఫోన్‌లో వెతికితే వేల సంఖ్యలో వస్తాయి. వాటిలో ఏది మన ఊళ్ళో కొన్న ఊలుతో, మన దగ్గరున్న సూదులతో, చివరి కుట్టు మూసేదాకా సాగి, ఒంటికి సరిపోయే వస్తువుగా తేలుతుందో ముందుగా పోల్చుకోవడమే కష్టం. విజయనగరంలో ఉంటూ చాలాకాలంగా ఇష్టంతో అల్లుతున్న మనిషిగా, నేను తరచూ వాడే డ్రాప్స్ డిజైన్, రేవెల్రీ, టిన్ క్యాన్ నిట్స్, నిట్టీ అనే నాలుగు వెబ్‌సైట్లను ఆ దృష్టితోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను. కొత్తగా సూదులు పట్టినవాళ్ళకు కూడా పనికొచ్చేలా కొన్ని లెక్కలు వివరంగా రాశాను.

ప్యాటర్న్ తెరవగానే నేను ఫొటో కన్నా ముందు నాలుగు వివరాల కోసం చూస్తాను. తయారైన వస్తువు కొలతలు సెంటీమీటర్లలో ఉన్నాయా, 10 సెంటీమీటర్ల వెడల్పుకు ఎన్ని కుట్లు రావాలో చెప్పారా, సూది మందం మిల్లీమీటర్లలో ఇచ్చారా, ఊలు బరువుతో పాటు పొడవు కూడా రాశారా అన్నవే ఆ నాలుగు. ఇవి ఉంటే ఆ ప్యాటర్న్ ఏ దేశానిదైనా, ఏ కంపెనీ ఊలు కోసం రాసినదైనా, దాన్ని మన ఊలుకు మలచుకోవచ్చు. ఇవి లేకపోతే బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని పక్కన పెట్టడమే మంచిది, ఎందుకంటే ఆ లోటును చేతి నైపుణ్యం ఒక్కటే పూడ్చలేదు.

మన అవసరాలు కూడా చెప్పుకోవాలి. విజయనగరంలో చలి అంటే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పట్టే మంచు, సంక్రాంతి దాటాక మెల్లగా తగ్గిపోయే వణుకు. మందపాటి స్వెట్టరు తొడుక్కుని పగలంతా తిరిగే రోజులు ఇక్కడ ఉండవు. పురిటి బిడ్డకు చెవులు కప్పే టోపీ, మేజోళ్ళు, బాలింత తలకు చుట్టుకునే స్కార్ఫు, రైలు ఏసీ బోగీలో కప్పుకునే శాలువా, పెద్దవాళ్ళు వాకింగ్‌కు వేసుకునే చేతుల్లేని స్వెట్టరు, అరకుకో లంబసింగికో వెళ్ళేవాళ్ళకు మఫ్లరు, ఢిల్లీలోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు పంపే స్వెట్టర్లు, ఇవే ఎక్కువగా అల్లుతాం. అందువల్ల సన్నటి ఊలుకు, పసిపిల్లల కొలతలకు, నూలు దారానికి రాసిన ప్యాటర్న్లు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో అదే మనకు గొప్ప భాండాగారం అవుతుంది. గంటస్తంభం చుట్టుపక్కల లేసులు, బొత్తాలు, చీర ఫాల్స్ అమ్మే కొట్లలో నాకు దొరికే ఊలు చాలా వరకు లూధియానా మిల్లుల నుంచి వచ్చేదే, అందులోనూ అధిక భాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. మందమైన నూలు దారం కావాలంటే వెతుక్కోవాలి. పక్క జిల్లాలోని పొందూరులో వలుగ చేప దవడతో దూదిని ఏకి వడికే నూలు జగమెరిగినదే అయినా, అది మగ్గానికి తగిన సన్నటి నూలు గనుక అల్లిక సూదులకు పనికిరాదు.

కొట్లో సూదులను నంబరుతోనే అడగాలి. "పదో నంబరు ఇమ్మంటారేటమ్మా, పన్నెండో నంబరా?" అన్న ప్రశ్నే ఎదురవుతుంది తప్ప మిల్లీమీటర్ల మాట రాదు. ఈ నంబర్లు పాత బ్రిటిష్ లెక్క ప్రకారం నడుస్తాయి, అంటే నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఈ లెక్కలో 8వ నంబరు 4 మి.మీ., 10వ నంబరు 3.25 మి.మీ., 12వ నంబరు 2.75 మి.మీ. అమెరికా లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ 8 అంటే 5 మి.మీ., 10 అంటే 6 మి.మీ. కాబట్టి అమెరికా ప్యాటర్న్‌లో 10 అని చూసి మన కొట్లో పదో నంబరు కొంటే, కావలసిన సూదిలో ఇంచుమించు సగం మందం ఉన్న సూది చేతికొస్తుంది. రెండు లెక్కల్లోనూ ఒకే సూదిని చూపే అంకె 7 ఒక్కటే, అది 4.5 మి.మీ. ఈ గందరగోళం వల్లనే మిల్లీమీటర్లు రాసే ప్యాటర్న్లను నేను గట్టిగా సమర్థిస్తాను. పాత సూదులపై నంబరు చెరిగిపోయినా, రంధ్రాల స్కేలులో దూర్చి మిల్లీమీటర్లలో చూసుకోవచ్చు.

ఇక డ్రాప్స్ డిజైన్ సంగతి. ఇది 1982లో నార్వేలో మొదలైన గార్న్‌స్టూడియో అనే ఊలు సంస్థది. ఊలు అమ్ముకోవడం వాళ్ళ వ్యాపారం, ఆ ఊలుతో అల్లుకోవడానికి ప్యాటర్న్లను ఉచితంగా ఇవ్వడం వాళ్ళ పద్ధతి. వాళ్ళ ఊలు మనం కొనకపోయినా ప్యాటర్న్ పూర్తిగా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. స్త్రీలకు, పురుషులకు, పిల్లలకు, పసికందులకు, ఇంటి అలంకరణకు కలిపి వేల ప్యాటర్న్లు ఉన్నాయి. ఊలు రకాన్ని బట్టి, సూది మందాన్ని బట్టి వెతుక్కునే ఏర్పాటు ఉంది గనుక, నూలుతో వేసవికి అల్లే పలచటి టాప్‌లను, సన్నటి ఊలుతో అల్లే పిల్లల కోట్లను వేరుగా తీసి చూడవచ్చు. చలి దేశం వాళ్ళు రాసినవి మనకెందుకు పనికొస్తాయన్న సందేహం నాకూ మొదట్లో ఉండేది కానీ, ఆ నూలు విభాగం చూశాక పోయింది.

పసిపిల్లల ప్యాటర్న్లే ఈ సంస్థకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం. చాలావాటిలో కొలతలు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దగ్గర మొదలవుతాయి. తర్వాత 0/1, 1/3, 6/9, 12/18 నెలలు, ఆపైన 2 ఏళ్ళు, 3/4 ఏళ్ళు అని వరుసగా సాగుతాయి. తొమ్మిదో నెల రాకుండానే పుట్టిన బిడ్డ తలకు సరిపడే టోపీ బజారులో దొరకడం ఎంత కష్టమో, అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆ చిన్న తలకు ఎన్ని కుట్లు ఎక్కించాలో, ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున తగ్గించడం మొదలుపెట్టాలో స్పష్టంగా రాసి ఉచితంగా ఇవ్వడాన్ని నేను చాలా గొప్ప సేవగా భావిస్తాను. టోపీలోనే కింద కట్టుకునే తాళ్ళు ఉన్నవి, చెవులు పూర్తిగా మూసేవి, గడ్డం దాకా వచ్చేవి వేర్వేరుగా ఉన్నాయి. మన ఇళ్ళల్లో బిడ్డ చెవుల్లోకి గాలి పోకూడదని పెద్దవాళ్ళు పట్టుబడతారు గనుక, చెవులు మూసే రకమే మనవాళ్ళకు నచ్చుతుంది.

ఈ ప్యాటర్న్లు చదవడానికి కొంత అలవాటు కావాలి. అన్ని సైజులకూ కలిపి ఒకే పేరా రాస్తారు. ఉదాహరణకు ఒకచోట (64) 72-80-88-92 (96-100) కుట్లు ఎక్కించమని ఉందనుకుందాం. మొదటి బ్రాకెట్‌లోని 64 నెలలు నిండని బిడ్డకు, మధ్యలో గీతలతో విడదీసిన నాలుగు అంకెలు 0/1 నుంచి 12/18 నెలల వరకు, చివరి బ్రాకెట్‌లోని రెండూ 2 ఏళ్ళకు, 3/4 ఏళ్ళకు. మీరు 6/9 నెలల బిడ్డకు అల్లుతుంటే మీ అంకె 88. అంటే మొదటి బ్రాకెట్ తర్వాత వచ్చే మూడో అంకె. ప్యాటర్న్ పొడవునా ఎక్కడ ఇలాంటి వరుస కనిపించినా అదే స్థానంలోని అంకె మీది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, సూది పట్టకముందే మొదటి పేజీ నుంచి చివరి దాకా మీ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టుకుంటే అల్లేటప్పుడు కళ్ళు వెతుక్కోనక్కర్లేదు. అన్ని సైజులకూ ఒకే సంఖ్య వర్తించే చోట వాళ్ళు ఒక్క అంకే రాస్తారని కూడా గుర్తుంచుకోవాలి.

మరొక జాగ్రత్త "అదే సమయంలో" అన్న అర్థంలో పెద్ద అక్షరాలతో వచ్చే ఇంగ్లీషు మాట విషయంలో. చంక దగ్గర కుట్లు తగ్గిస్తూ ఉండగానే మెడ కోత మొదలవుతుంది, ఇంకోపక్క బొత్తాం రంధ్రాలు వేస్తూ ఉండాలి. ఈ మూడూ మూడు వాక్యాల్లో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కానీ చేతిలో మాత్రం ఒకేసారి జరగాలి. అలాంటి పేరాను ముందుగా పూర్తిగా చదివి, నోటుపుస్తకంలో వరుస నంబర్లు వేసుకుని, ఏ వరుసలో ఏం చేయాలో ఎదురుగా రాసుకుంటే పని తేలికవుతుంది. వరుస వరుసకూ విడిగా వివరించే ప్యాటర్న్లకు అలవాటు పడినవాళ్ళకు ఈ రాత క్లుప్తంగా అనిపిస్తుంది. నా దృష్టిలో ఆ క్లుప్తత వల్ల ఒక మేలు ఉంది. స్వెట్టరు నిర్మాణం ఎలా సాగుతుందో మనసులో పట్టుకుంటే తప్ప ముందుకు పోలేం గనుక, రెండు మూడు వస్తువులు పూర్తయ్యేసరికి చెప్పినట్టు అల్లే దశ దాటి, ఎందుకు అలా అల్లుతున్నామో తెలిసిన దశకు వస్తాం.

ప్యాటర్న్ అడుగున వేసే కొలతల బొమ్మను చాలామంది చూడకుండా వదిలేస్తారు. నిజానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది అదే. అందులోని అంకెలు ఒంటి కొలతలు కావు. తయారైన వస్తువును బల్ల మీద పరిచి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొలిచిన కొలతలు. బొమ్మలో ఛాతీ దగ్గర 47 సెం.మీ. అని ఉంటే చుట్టుకొలత 94 సెం.మీ. అన్నమాట. కాబట్టి ఎస్, ఎం, ఎల్ అన్న అక్షరాలను నమ్మకుండా, దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టే, ఎవరికి అల్లుతున్నామో వాళ్ళకు సరిగ్గా సరిపోయిన పాత స్వెట్టరు ఒకటి తీసుకుని, మంచం మీద ముడతల్లేకుండా పరిచి, చంక నుంచి చంకకు, భుజం నుంచి కింది అంచుకు, చేతి పొడవు కొలిచి, ఆ అంకెలకు దగ్గరగా ఉన్న సైజును బొమ్మలో వెతుక్కోవాలి. యూరప్ వాళ్ళ చేతి పొడవు మనవాళ్ళకు తరచూ ఎక్కువవుతుంది గనుక చేతుల పొడవును ఆది ప్రకారమే నిర్ణయించుకోవడం మేలు.

మెళకువలు నేర్పే వీడియోలు కూడా డ్రాప్స్‌లో ఉన్నాయి. వాటికి శబ్దం ఉండదు, చేతులు మాత్రమే కనిపిస్తాయి. అనేక భాషల వాళ్ళకు ఒకే వీడియో పనికి రావాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఇంగ్లీషు ఉచ్చారణ అర్థం కాక ఇబ్బంది పడే మా వయసు వాళ్ళకు, ఇంట్లో అందరూ పడుకున్నాక అల్లుకునేవాళ్ళకు ఈ మౌనం వరంలాంటిది. ప్యాటర్న్ల రాత మాత్రం తెలుగులో లేదు, హిందీలో కూడా లేదు. ఇంగ్లీషును బ్రిటిష్, అమెరికన్ అని రెండు రకాలుగా ఇస్తారు. క్రోషా పని చేసేవాళ్ళు బ్రిటిష్‌లో డబుల్ క్రోషే అన్నది అమెరికాలో సింగిల్ క్రోషే అవుతుందని గమనించి, ఏదో ఒక రకానికే కట్టుబడి ఉండాలి.

ఊలు మార్పు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఉచిత ప్యాటర్న్ మనకు నిజంగా పనికొస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. డ్రాప్స్ వాళ్ళు తమ ఊలు రకాలన్నిటినీ మందాన్ని బట్టి గుంపులుగా విడదీశారు. 10 సెం.మీ.కు 23 నుంచి 26 కుట్లు వచ్చే సన్నటి ఊలు ఎ గుంపు, 20 నుంచి 22 వచ్చేది బి, 16 నుంచి 19 వచ్చేది సి, 12 నుంచి 15 వచ్చేది డి. ఎ గుంపు ఊలును రెండు పోగులు కలిపి అల్లితే సి గుంపు ఊలుకు సమానం. మన కొట్లలో తేలిగ్గా దొరికే సన్నటి బేబీ ఊలుకు ఇది ఎంతో అనుకూలం. రెండు ఉండలు కలిపి పట్టుకుంటే మందపాటి ఊలుకు రాసిన ప్యాటర్న్లు కూడా అందుబాటులోకి వస్తాయి. రెండు వేర్వేరు రంగుల పోగులు కలిపితే బజారులో దొరకని మిశ్రమ రంగు కూడా వస్తుంది.

కొట్లో కొన్న ఉండపై బరువు ఉంటుంది, పొడవు ఉండకపోవచ్చు. ప్యాటర్న్ మాత్రం మీటర్లు అడుగుతుంది. దీనికి నేను పాటించే పద్ధతి, టేపుతో 50 మీటర్లు కొలిచి, వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి చూడడం. ఆ 50 మీటర్లు 20 గ్రాములు తూగితే, 50 గ్రాముల ఉండలో 125 మీటర్లు ఉంటాయి. తర్వాత ప్యాటర్న్ వైపు లెక్క చూడాలి. 50 గ్రాములకు 120 మీటర్లు ఉన్న ఊలు 300 గ్రాములు కావాలని ఉంటే, మొత్తం అవసరం 720 మీటర్లు. మన ఊలు 50 గ్రాములకు 100 మీటర్లే ఉన్న రకమైతే ఏడు ఉండలు చాలవు, ఎనిమిది కొనాలి. ఎనిమిదీ ఒకేసారి, ఒకే డై లాట్ నంబరుతో (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకు ఉండే నంబరు) కొనుక్కోవాలి. మళ్ళీ వెళ్ళేసరికి అదే నీలం ఒక ఛాయ మారి ఉండవచ్చు, ఆ తేడా వీపు మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది.

అల్లేముందు నమూనా ముక్క, అంటే అదే ఊలుతో, అదే సూదులతో కుట్లు లెక్కపెట్టుకోవడానికి అల్లే చిన్న ముక్క, తప్పనిసరి. ప్యాటర్న్ 10 సెం.మీ.కు 22 కుట్లు కోరుతుండగా మన చేతికి 20 వస్తున్నాయనుకోండి. 88 కుట్ల టోపీ వాళ్ళ లెక్కలో 40 సెం.మీ. అవుతుంది, మన చేతిలో 44 సెం.మీ. అవుతుంది. నాలుగు సెంటీమీటర్లు వదులైన టోపీ పసిబిడ్డ కళ్ళ మీదికి జారిపోతుంది. అప్పుడు సూదిని ఒక మెట్టు సన్నం చేసుకుని మరో ముక్క అల్లి చూడాలి. ఆ ముక్కను ఉతికి, ఆరిన తర్వాతే కొలవాలి. చేతులు చెమర్చే నెలల్లో యాక్రిలిక్ ఊలు స్టీలు సూది మీద పట్టుకుపోయి కుట్లు బిగుసుకుంటాయి గనుక, జూన్‌లో అల్లిన ముక్క కొలత జనవరిలో పనికిరాకపోవచ్చు. నేను ఎండాకాలంలో వెదురు సూదులు, నూలు దారం వాడతాను.

ప్యాటర్న్ చివర తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెట్టమని రాసి ఉంటే అది గొర్రె బొచ్చుతో చేసిన అసలు ఉన్నికి చెప్పిన మాట. యాక్రిలిక్ ఆ పద్ధతిలో ఆకారం నిలుపుకోదు, పైగా వేడి ఇస్త్రీ తగిలితే శాశ్వతంగా అణిగిపోయి జీవం కోల్పోతుంది. మన చేతిలో ఉన్నది ఉన్నో కాదో తెలియకపోతే చిన్న కొసను కత్తిరించి, పట్టుకారుతో పట్టుకుని మంటకు పెట్టి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి ముద్ద అవుతుంది. లేసు శాలువాల లాంటి, ఆరబెట్టడంతోనే అందం వచ్చే ప్యాటర్న్లను యాక్రిలిక్‌తో మొదలుపెట్టకుండా ఉండడానికి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

రేవెల్రీ 2007లో అమెరికాలో మొదలైంది. అక్కడ చేరడానికి డబ్బు అవసరం లేదు, ఖాతా తెరిస్తే చాలు. ప్రపంచంలోని అల్లిక ప్యాటర్న్లన్నిటికీ ఇది ఒక పెద్ద సూచికలా పనిచేస్తుంది. అందులో ఉచితమైనవీ ఉన్నాయి, కొనవలసినవీ ఉన్నాయి. దాని అసలు బలం వెతికే పద్ధతిలో ఉంది. నిట్టింగ్ అని, ఉచితం అని, ఊలు మందం, సూది మందం, ఎన్ని మీటర్ల ఊలు పడుతుంది, ఎవరికి అని ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోతే, లక్షల మధ్య నుంచి మన దగ్గరున్న రెండున్నర ఉండల ఊలుతో అయ్యే వస్తువులే మిగులుతాయి. మిగిలిపోయిన ఊలును వాడుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు. పొడవు గజాల్లో అడిగితే గజం మీటరు కన్నా తక్కువని, 0.9144 మీటర్లకు సమానమని గుర్తుంచుకుంటే సరిపోతుంది.

రెండో బలం, ఆ ప్యాటర్న్‌తో ఇతరులు అల్లిన వస్తువుల ఫొటోలు. డిజైనరు పెట్టే ఫొటోలో వెలుతురు, మోడల్, ఖరీదైన ఊలు అన్నీ అమరి ఉంటాయి. అదే టోపీని మామూలు మనుషులు మామూలు యాక్రిలిక్‌తో అల్లినప్పుడు ఎలా వచ్చిందో చూశాకే నేను నిర్ణయించుకుంటాను. ఏ సూది వాడారో, ఎంత ఊలు పట్టిందో, ఎక్కడ వివరణ చాలలేదో చాలామంది అక్కడే రాస్తారు. వందల మంది అల్లిన ఉచిత ప్యాటర్న్ నమ్మదగినది. ఒక్కరూ అల్లనిదాన్ని అనుభవం ఉన్నవాళ్ళు మొదలుపెట్టవచ్చు, కొత్తవాళ్ళు వద్దు. కొన్ని పాత ప్యాటర్న్లకు ఇచ్చిన లింకులు ఇప్పుడు తెరుచుకోవు, కాబట్టి నచ్చినది కనిపించిన రోజే దించి దాచుకోవాలి.

మొదటిసారి టోపీయో స్వెట్టరో అల్లేవాళ్ళు అడిగితే మాత్రం నేను డ్రాప్స్ కన్నా ముందు టిన్ క్యాన్ నిట్స్ వాళ్ళ సింపుల్ కలెక్షన్ చూపిస్తాను. బార్లీ అనే టోపీ, వీట్ అనే స్కార్ఫు, రై అనే మేజోళ్ళు, ఫ్లాక్స్ అనే స్వెట్టరు అందులోవి, అన్నీ ఉచితం. నేర్పడం కోసమే రాసినవి గనుక ప్రతి దశకూ ఫొటోలతో పాఠాలు ఉన్నాయి. ఫ్లాక్స్ స్వెట్టరు మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది, ఎక్కడా కుట్టి అతకనక్కర్లేదు, చేతుల పొడవునా ఒక గార్టర్ పట్టీ (అడ్డంగా ఉబ్బెత్తు గీతలు కనిపించే అల్లిక) నడుస్తుంది. పసిబిడ్డ నుంచి పెద్ద మగవాళ్ళ వరకు కొలతలు ఒకే ప్యాటర్న్‌లో ఉన్నాయి. 10 సెం.మీ.కు 18 కుట్లు అడుగుతుంది కాబట్టి మన సన్నటి ఊలును రెండు పోగులు కలిపి అల్లుకోవచ్చు. మధ్య మధ్యలో ఒంటికి పెట్టి చూసుకుంటూ పొడవు నిర్ణయించుకునే వీలు ఉండడం ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి. దీనికి సర్క్యులర్ సూది, అంటే రెండు సూది కొనలను తీగతో కలిపినది, కావాలి. అది మన కొట్లలో అరుదుగా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. 80 సెం.మీ. తీగ ఉన్నది ఒకటి కొంటే, తీగను మడిచి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతిలో చేతులు, టోపీ, మేజోడు కూడా దానితోనే అవుతాయి.

నిట్టీ కెనడా నుంచి 2002లో మొదలైన ఉచిత ఆన్‌లైన్ పత్రిక. ప్రకటనల ఆదాయంతో, చదువరుల విరాళాలతో నడుస్తుంది. ఇందులోవి అవసరానికన్నా ఆనందానికి అల్లేవి. 2004లో వచ్చిన క్లాపొటీ అనే స్కార్ఫు చూడండి: ఐమూలగా అల్లుతూ పోయి, కొంత దూరం వెళ్ళాక కొన్ని కుట్లను కావాలనే సూది నుంచి జారవిడుస్తారు. జారిన కుట్టు కింది దాకా నిచ్చెన మెట్లుగా విడిపోతూ దిగుతుంది, అలా పడిన ఖాళీలే దాని డిజైను. కుట్టు జారితే గుండె ఆగినంత పని అయ్యే మనకు, చేతులారా జారవిడిచి అది అందంగా విడిపోవడం చూడడం గొప్ప అనుభవం. గరుకుగా ఉన్న ఊలుతో కుట్లు సాఫీగా జారవు గనుక నున్నటి దారం ఎంచుకోవాలి.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1940ల నాటి ప్యాటర్న్లను ఉచితంగా ఇస్తోంది. బ్రిటన్‌లో 1941 జూన్‌లో బట్టలకు రేషన్ పెట్టిన కాలం నాటి పొదుపు వాటిలో కనిపిస్తుంది. బిషప్ రిచర్డ్ రట్ సేకరించిన పంతొమ్మిదో శతాబ్దపు అల్లిక పుస్తకాలను సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచింది. అల్లుకోవడానికి ఇవి కష్టం, చదవడానికి ఎంతో బాగుంటాయి.

దూరంగా ఉండవలసిన వాటి గురించి ఒక మాట చెప్పాలి. ఈ మధ్య కృత్రిమ మేధతో తయారు చేసిన బొమ్మలకు ఏవో నాలుగు వాక్యాలు జోడించి ఉచిత ప్యాటర్న్ అని పెడుతున్నారు. బొమ్మను పెద్దది చేసి చూస్తే కుట్ల వరుస ఒకచోట మొదలై మధ్యలో మాయమవుతుంది, జడ అల్లిక ఒక పోగు మీద నుంచి వెళ్ళి మళ్ళీ బయటికి రాదు. 10 సెం.మీ.కు ఎన్ని కుట్లో ఉండదు, వెనుక వైపు ఫొటో ఉండదు, అల్లినవాళ్ళ ఆధారం ఉండదు. మొదట చెప్పిన నాలుగు వివరాలు అడిగితే ఇవన్నీ అక్కడే ఆగిపోతాయి.

నేను ప్యాటర్న్ల విషయంలో డ్రాప్స్‌కు మొదటి స్థానం, వెతకడానికి రేవెల్రీకి మొదటి స్థానం ఇస్తాను. ఈ రెండూ కలిపి వాడితేనే పూర్తి ప్రయోజనం. తెలుగులో లేకపోవడమనే లోటును కె అంటే నిట్ (మామూలు కుట్టు), పి అంటే పర్ల్ (తిరగ కుట్టు), వైఓ అంటే సూదికి దారం చుట్టి కుట్టు పెంచడం, కె2టాగ్ (k2tog) అంటే రెండు కుట్లు కలిపి అల్లడం అని తెలుగులో రాసిన ఒక కాగితం సంచిలో పెట్టుకుంటే చాలా వరకు అధిగమించవచ్చు. మాకు దగ్గరివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా అలాగే అల్లుతున్నారు.

మంచి టోపీ ఒకటి అల్లాక ఇరుగుపొరుగు వాళ్ళు "మా మనవరాలికీ ఒకటి అల్లిపెట్టు, డబ్బులిస్తాం" అనడం మామూలే. ఉచిత ప్యాటర్న్ అంటే హక్కులు లేని ప్యాటర్న్ కాదు. డ్రాప్స్ వాళ్ళు తమ ప్యాటర్న్‌తో అల్లిన వస్తువులను ఒక్కొక్కటిగా గానీ, అడిగినవాళ్ళకు అల్లి గానీ అమ్ముకోనిస్తారు, అయితే అది డ్రాప్స్ డిజైన్ అని తప్పక చెప్పాలి. వాళ్ళ ఫొటోలను వాడి ప్రచారం చేసుకోవడానికి మాత్రం అనుమతి లేదు, మనం అల్లిన దాన్నే ఫొటో తీసి చూపించాలి. మిగిలిన చోట్ల షరతులు డిజైనరును బట్టి మారతాయి కాబట్టి, డబ్బు తీసుకుని అల్లేముందు ఆ ప్యాటర్న్ చివర చిన్న అక్షరాల్లో ఉన్న పేరాను చదివి తీరాలి. స్నేహితులెవరైనా ప్యాటర్న్ అడిగితే జిరాక్స్ కాపీలు పంచకుండా లింకు పంపించండి. వాళ్ళ సైజు అంకె చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టుకోవడం వాళ్ళే మొదలుపెడతారు.